రవాణా ప్రాజెక్టుల పర్యావరణ న్యాయ మదింపు

రవాణా ప్రాజెక్టుల పర్యావరణ న్యాయ మదింపు అనగా ఒక రహదారి, వంతెన, రైలు మార్గము లేదా బస్సు సర్వీసు వలన కలిగే లాభనష్టములు సమాజములోని ఏ వర్గమునకు ఎంత చేరుతాయో, తుది నిర్ణయమునకు ముందే లెక్కగట్టే పద్ధతి. ప్రాజెక్టు వలన పరిసరములకు మొత్తము మీద ఎంత నష్టము అని చూచుట సాధారణ పర్యావరణ ప్రభావ మదింపు పని. ఆ నష్టము ఎవరి ఇంటి ముందు పడుతున్నది, లాభము ఎవరి ఇంటికి చేరుతున్నది అని అడుగుట పర్యావరణ న్యాయ మదింపు పని. పేదలు, జాతిపరముగా అల్పసంఖ్యాకులు, ఆ దేశపు ప్రధాన భాష రానివారు, సొంత వాహనము లేనివారు ఈ పరిశీలనలో ముఖ్యులు.

ఈ పద్ధతి ప్రధానముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో రూపుదిద్దుకొన్నది. అందుచేత ఈ వ్యాసములో ఆ దేశపు చట్టములు, అనుభవములు వివరించబడినవి. చివర భారతదేశములోని పరిస్థితి క్లుప్తముగా ఇవ్వబడినది.

నేపథ్యము

అమెరికాలో 1956 నాటి ఫెడరల్ సహాయ రహదారుల చట్టము ద్వారా 41,000 మైళ్ళ (సుమారు 66,000 కిలోమీటర్ల) అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణము మొదలైనది. ఖర్చులో 90 శాతము కేంద్ర ప్రభుత్వము భరించినది. ఊళ్ళ మధ్య ఈ రహదారులు పొలముల మీదుగా సాగినవి. నగరములలోనికి వచ్చేసరికి ఇండ్ల మీదుగా సాగవలసి వచ్చినది. ఏ ఇండ్లను తొలగించాలి అన్న ప్రశ్నకు ఇంజనీర్లు తరచుగా ఇచ్చిన సమాధానము, భూమి చౌకగా దొరికే చోట అని. చౌక భూమి ఉన్నచోట నివసించేది పేదలు. ఇతర పేటలలో ఇల్లు కొనుటకు, అద్దెకు తీసుకొనుటకు అడ్డంకులు ఎదుర్కొన్న ఆఫ్రికన్ అమెరికన్లు పెద్ద సంఖ్యలో అక్కడే ఉండేవారు. చౌక అనే మాట పైకి తటస్థముగా కనిపించినా, ఫలితము తటస్థముగా లేదు.

మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ నగరములోని రోండో అనే పేట ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ నగరపు ఆఫ్రికన్ అమెరికన్ల ఇండ్లు, దుకాణములు, చర్చిలు, సంఘములు ఎక్కువగా అక్కడే ఉండేవి. 1950, 60 దశకములలో అంతర్రాష్ట్ర రహదారి 94 ఆ పేట నడిబొడ్డు గుండా నిర్మించబడినది. 600కు పైగా కుటుంబములు ఇండ్లు కోల్పోయినవి. ఉత్తరముగా రైలు పట్టాల ప్రక్కన మరొక మార్గమును నగర ప్రణాళికా ఇంజనీరు జార్జ్ హెరాల్డ్ ప్రతిపాదించాడు గాని అది అంగీకరించబడలేదు. అనగా ప్రత్యామ్నాయము లేక జరిగిన నష్టము కాదిది. ప్రత్యామ్నాయము కాగితము మీద ఉండగానే జరిగిన నష్టము. 2015 జూలైలో నగర మేయరు, రాష్ట్ర రవాణా శాఖ కమిషనరు రోండో వాసులకు బహిరంగముగా క్షమాపణ చెప్పారు.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరములో 1957లో ప్రారంభించిన సైప్రస్ ఫ్రీవే అనే రెండంతస్తుల రహదారి వెస్ట్ ఓక్లాండ్ పేటను రెండుగా చీల్చినది. 1989 అక్టోబరు 17న వచ్చిన లోమా ప్రియేటా భూకంపములో అది కూలి 42 మంది మరణించారు. కూలిన చోటనే తిరిగి కట్టరాదని పేట వాసులు పట్టుబట్టారు. కొత్త రహదారి పేట అంచున, రైల్వే స్థలముల మీదుగా నిర్మించబడి 1997లో ప్రారంభమైనది. పాత రహదారి ఉన్నచోట మండేలా పార్క్‌వే అనే చెట్ల వీధి 2005లో పూర్తయినది.

పర్యావరణ న్యాయము అనే భావన మాత్రము రహదారుల నుండి పుట్టలేదు. 1982లో నార్త్ కరోలినా రాష్ట్రములోని వారెన్ కౌంటీలో విషపూరితమైన మట్టిని పూడ్చుటకు వ్యతిరేకముగా అక్కడి ఆఫ్రికన్ అమెరికన్లు చేసిన ఆందోళనతో అది దేశము దృష్టికి వచ్చినది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వెలువరించిన నివేదిక, 1990లో వచ్చిన రాబర్ట్ బుల్లార్డ్ పుస్తకము దీనికి శాస్త్రీయ ఆధారములు సమకూర్చినవి. ఆ తరువాత అదే ప్రశ్న రహదారులకు, బస్సులకు కూడా వర్తించినది.

చట్టపరమైన ఆధారములు

1. పౌరహక్కుల చట్టము, 1964: దీనిలోని ఆరవ అధ్యాయము కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే కార్యక్రమములలో జాతి, వర్ణము, జాతీయ మూలము కారణముగా వివక్షను నిషేధించినది. పేదరికము ఈ జాబితాలో లేదు.

2. జాతీయ పర్యావరణ విధాన చట్టము: 1970 జనవరి 1న అమలులోనికి వచ్చినది. పెద్ద ప్రాజెక్టుల ప్రభావమును ముందే పరిశీలించి, ప్రత్యామ్నాయములతో పోల్చి, ప్రజలకు తెలియజేయాలని కోరుతుంది.

3. కార్యనిర్వాహక ఉత్తర్వు 12898: అధ్యక్షుడు బిల్ క్లింటన్ 1994 ఫిబ్రవరి 11న జారీ చేశాడు. కేంద్ర ప్రభుత్వ శాఖలు తమ కార్యక్రమముల వలన అల్పసంఖ్యాకులపైన, అల్పాదాయ వర్గములపైన వంతుకు మించి పడే దుష్ప్రభావములను గుర్తించి పరిష్కరించాలని ఆదేశించినది. దీనిని అనుసరించి రవాణా శాఖ 1997లో తన సొంత ఉత్తర్వును వెలువరించి, 2012లోను 2021లోను సవరించినది. 2025లో ఉత్తర్వు 12898 రద్దయినది. దాని వివరము ఈ వ్యాసములో తరువాత ఉన్నది.

4. కార్యనిర్వాహక ఉత్తర్వు 13166: ఆంగ్లము సరిగా రానివారికి ప్రభుత్వ సేవలు అందాలని 2000 సంవత్సరములో జారీ అయినది. ప్రజాభిప్రాయ సభలలో అనువాదమునకు ఇది ఆధారముగా ఉండేది. 2025 మార్చిలో రద్దయినది.

రవాణా శాఖ ఉత్తర్వులోని రెండు నిర్వచనములు ఈ మదింపునకు మూలస్తంభముల వంటివి. మొదటిది, దుష్ప్రభావము అనగా పొగ, శబ్దము, ఇల్లు కోల్పోవుట మాత్రమే కాదు. అందవలసిన ప్రయోజనము అందకపోవుట, తగ్గుట, బాగా ఆలస్యమగుట కూడా దుష్ప్రభావమే. రెండవది, వంతుకు మించిన ప్రభావము రెండు విధములు. నష్టములో అధిక భాగము ఈ వర్గముల మీదనే పడుట ఒకటి. ఇతరులకు కలిగే నష్టము కంటె వీరికి కలిగేది చెప్పుకోదగినంత తీవ్రముగా ఉండుట మరొకటి.

మదింపులోని దశలు

పరిధి నిర్ణయము: ప్రాజెక్టు ప్రభావము ఎంత దూరము వరకు ఉంటుందో మొదట గుర్తిస్తారు. అన్ని ప్రభావములకు ఒకే పరిధి సరిపోదు. వాహనముల నుండి వెలువడే సూక్ష్మ ధూళి, నైట్రోజన్ డయాక్సైడు రహదారి అంచున అత్యధికముగా ఉండి కొన్ని వందల మీటర్లలో బాగా తగ్గుతాయి. ప్రయాణ కాలములో మార్పు అయితే నగరమంతటా కనిపిస్తుంది.

ప్రజల గుర్తింపు: జనగణన విభాగము ఇచ్చే చిన్న ప్రాంతముల లెక్కలతో ఆ పరిధిలో ఎవరెవరు నివసిస్తున్నారో పటముల మీద గుర్తిస్తారు. చిన్న ప్రాంతములకు నమూనా సర్వే అంకెలలో పొరపాటుకు అవకాశము ఎక్కువ. అందువలన పాఠశాలలు, చర్చిలు, స్థానిక సంఘముల ద్వారా నిజము తెలిసికొనుట అవసరము. ఒక వర్గము వారు కొద్దిమందే ఉన్నారన్న కారణముతో వారిని లెక్క నుండి తొలగించరాదు.

ప్రభావముల పట్టిక: ఇండ్లు, దుకాణముల తొలగింపు, వాయు కాలుష్యము, శబ్దము, ప్రమాదములు, పేట రెండుగా చీలిపోవుట, నిర్మాణ కాలములోని ఇబ్బందులు, ఛార్జీలు, ఉద్యోగములకు ఆసుపత్రులకు చేరగలిగే వీలు మొదలైనవి ఇందులో ఉంటాయి. కొన్నిటికి కొలమానములు ఉన్నవి. ఉదాహరణకు ఇండ్ల వద్ద రహదారి శబ్దము 67 డెసిబెల్ స్థాయికి సమీపించినా, మించినా తగ్గించే చర్యలను పరిశీలించాలని ఫెడరల్ రహదారుల సంస్థ నియమము. పొరుగు బంధములు తెగిపోవుట వంటి వాటికి కొలమానము లేదు. కొలవలేనిది లేనట్లుగా భావించరాదు.

పోలిక: నష్టపోయే వారిలో ఈ వర్గముల వాటాను, మొత్తము ప్రాంతములో వారి వాటాతో పోలుస్తారు. లాభము పొందేవారి విషయములోను ఇదే పోలిక చేయాలి. ప్రాజెక్టు లేకపోతే పరిస్థితి ఎలా ఉంటుంది, ఇంతకు ముందు కట్టిన వాటి నష్టము ఇప్పటికే ఎంత ఉన్నది అనునవి కూడా చూస్తారు.

నివారణ, ఉపశమనము: మార్గము మార్చుట, పరిమాణము తగ్గించుట మొదటి మెట్టు. శబ్ద నిరోధక గోడలు, నష్టపరిహారము, కొత్త ఇండ్లు తరువాతి మెట్లు. వంతుకు మించిన నష్టము మిగిలినచో, అంతకంటె మేలైన ప్రత్యామ్నాయము ఆచరణ సాధ్యము కాదని చూపిన తరువాతనే ప్రాజెక్టు ముందుకు సాగాలని రవాణా శాఖ ఉత్తర్వు నిర్దేశించినది.

ప్రజల భాగస్వామ్యము: ఇది చివరి దశ కాదు, అన్ని దశలలోను ఉండవలసినది. పని దినమున పగటిపూట, బస్సు లేని చోట, ఒకే భాషలో జరిగే సభకు వచ్చేవారు ఎవరో ఊహించుట కష్టము కాదు. సభ జరిగినది అనుటకు, వినుట జరిగినది అనుటకు తేడా ఉన్నది.

లెక్కలో జాగ్రత్తలు

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. సమాజము విషయములో ఆ పరీక్ష చెల్లదు. కుండలో ఒక ప్రక్క మాడి, ఒక ప్రక్క పచ్చిగా ఉన్నా సగటు లెక్కకు అన్నము సరిగా ఉడికినట్లే కనిపిస్తుంది. దీనిని ఒక ఊహాత్మకమైన లెక్కతో చూడవచ్చు.

ఒక నగర జనాభాలో అల్పాదాయ కుటుంబములు 20 శాతము అనుకొందాము. ప్రతిపాదిత రహదారి వలన 400 ఇండ్లకు శబ్దము పరిమితిని మించుతుంది. వాటిలో 240 ఇండ్లు అల్పాదాయ కుటుంబములవి, అనగా 60 శాతము. నగరముతో పోల్చినచో వారు తమ వంతుకు మూడు రెట్లు నష్టము మోస్తున్నారు. ఇప్పుడు అదే అంకెను నగరముతో గాక, రహదారికి ఇరువైపుల కిలోమీటరు వెడల్పు గల ప్రాంతముతో పోల్చినారు అనుకొందాము. ఆ ప్రాంతములో అల్పాదాయ కుటుంబములు 55 శాతము. 60కి 55కి పెద్ద తేడా లేదు కనుక "వంతుకు మించిన ప్రభావము లేదు" అని నివేదిక వ్రాయవచ్చు. ఇండ్లు మారలేదు, శబ్దము మారలేదు. మారినది పోల్చిన గుంపు మాత్రమే. రహదారిని పేదల పేట గుండా వేయాలని నిర్ణయించిన తరువాత ఆ పేటతోనే పోల్చుట వలన, అసలు నిర్ణయము ప్రశ్నకు అందకుండా పోయినది.

లాభము వైపు లెక్క కూడా ఇంతే. అదే రహదారి వలన ప్రయాణికులకు సగటున 3 నిమిషములు కలిసివస్తుందని నివేదిక చెప్పవచ్చు. ప్రయాణికులలో సగము మంది శివారు వాసులై వారికి 6 నిమిషములు కలిసివచ్చి, తక్కిన సగమైన పేట వాసులకు ఏమీ కలిసిరాకపోయినా సగటు 3 నిమిషములే. అందువలన ఇటువంటి నివేదిక చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరితో పోల్చారు? ఎంత పరిధి తీసికొన్నారు? లాభమును కూడా వర్గముల వారీగా చూపారా?

కొన్ని ఉదాహరణలు

సెయింట్ పాల్ లైట్ రైలు: రోండో పేటకు ఉత్తరమున ఉన్న యూనివర్సిటీ అవెన్యూ మీదుగా మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ నగర కేంద్రములను కలుపుతూ లైట్ రైలు మార్గము ప్రతిపాదించబడినది. రోండో చెల్లాచెదురైన తరువాత మిగిలిన కుటుంబములు, ఆగ్నేయాసియా నుండి వలస వచ్చిన వారు ఆ వీధికి ఇరువైపుల నివసించేవారు. తొలి ప్రణాళికలో ఆ భాగములో స్టేషన్ల మధ్య దూరము సుమారు ఒక మైలు. అదే వీధిలో తరచుగా ఆగుతూ నడిచే బస్సుల సంఖ్యను తగ్గించాలని కూడా ప్రణాళికలో ఉన్నది. అనగా రైలు వారి వీధి గుండానే పోతుంది, వారి కొరకు తక్కువగా ఆగుతుంది, ఉన్న బస్సు కూడా తగ్గుతుంది.

వెస్టర్న్, విక్టోరియా, హామ్లిన్ వీధుల వద్ద మరి మూడు స్టేషన్లు కావాలని స్థానిక సంఘములు కోరినవి. స్టేషను పెరిగితే ఖర్చు పెరుగుతుంది, దూర ప్రయాణికుల సమయము పెరుగుతుంది. కేంద్ర నిధులకు ఆనాడు ఉన్న ఖర్చు, ప్రయోజన సూత్రములో ఈ రెండూ నష్టముగానే నమోదవుతాయి. పేదవారికి నడక దూరములో రైలు దొరుకుట అనే లాభమునకు ఆ సూత్రములో తగిన చోటు లేదు. 2010 జనవరిలో కేంద్ర రవాణా మంత్రి రే లాహుడ్ ఆ సూత్రపు ప్రాధాన్యమును తగ్గించారు. దానితో మూడు స్టేషన్లకు దారి ఏర్పడినది. నిర్మాణ కాలములో చిన్న దుకాణములకు తగ్గే ఆదాయమును నివేదిక సరిగా పరిశీలించలేదని 2011లో ఫెడరల్ న్యాయస్థానము తీర్పు ఇచ్చినది. 2014 జూన్ 14న ఆ మార్గము మూడు స్టేషన్లతో సహా ప్రారంభమైనది.

లాస్ ఏంజిల్స్ బస్సులు: 1994లో ఆ నగర రవాణా సంస్థ రైలు మార్గములపై పెద్ద మొత్తములు వెచ్చిస్తూ, బస్సు ఛార్జీ పెంచుటకు, నెలసరి పాసు రద్దు చేయుటకు పూనుకొన్నది. బస్సులలో ప్రయాణించేవారు ఎక్కువగా పేదలు, లాటినోలు, ఆఫ్రికన్ అమెరికన్లు. బస్సు ప్రయాణికుల సంఘము, మరికొన్ని సంస్థలు పౌరహక్కుల చట్టము క్రింద దావా వేసినవి. 1996లో రాజీ ఒప్పందము కుదిరినది. నెలసరి పాసు నిలిచినది, బస్సులలో రద్దీ తగ్గించుటకు సంస్థ అంగీకరించినది. ఒప్పందము పదేళ్ళు అమలులో ఉండి 2006లో ముగిసినది.

ఓక్లాండ్ విమానాశ్రయ అనుసంధానము: శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు బార్ట్ రైలు సంస్థ ఓక్లాండ్ విమానాశ్రయమునకు ప్రత్యేక మార్గము తలపెట్టినది. ఛార్జీలు, సేవల విషయములో సమానత్వ విశ్లేషణ సరిగా చేయలేదన్న ఫిర్యాదుపై విచారణ జరిపి, 2010లో ఫెడరల్ ట్రాన్సిట్ పరిపాలనా సంస్థ 7 కోట్ల డాలర్ల నిధిని ఆ ప్రాజెక్టుకు ఇవ్వలేదు. ఆ నిధి ఆ ప్రాంతములోని రవాణా సంస్థలకు పంచబడినది. ప్రాజెక్టు ఇతర నిధులతో 2014లో పూర్తయినది. మదింపు చేయకపోవుటకు కూడా ధర ఉంటుందని ఇది తెలియజేసినది.

పరిమితులు, విమర్శలు

ఈ మదింపు ప్రశ్న వేయగలదే గాని సమాధానమును అమలు చేయించలేదు. జాతీయ పర్యావరణ విధాన చట్టము పరిశీలించమని కోరుతుంది, మేలైన మార్గమునే ఎంచుకొనవలెనని శాసించదు. 2001లో అలెగ్జాండర్ వర్సెస్ శాండోవల్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్దేశపూర్వక వివక్ష లేకుండా ఫలితములో మాత్రమే అసమానత ఉన్నప్పుడు వ్యక్తులు పౌరహక్కుల చట్టపు ఆరవ అధ్యాయము క్రింద నేరుగా దావా వేయజాలరని తీర్పు చెప్పినది. ఉద్దేశమును నిరూపించుట చాలా కష్టము. రోండో విషయములో కూడా కాగితములలో కనిపించేది ఎక్కువగా ఖర్చు, వాహనముల సంఖ్య, దూరము మాత్రమే.

మదింపు వలన ప్రాజెక్టులు ఆలస్యమవుతాయని, ఖర్చు పెరుగుతుందని కొందరు విమర్శిస్తారు. నిర్ణయము అయిపోయిన తరువాత నివేదికకు ఒక అధ్యాయము చేర్చి సరిపెడుతున్నారని మరికొందరు అంటారు. ఈ రెండు విమర్శలకు మూలము ఒకటే. ఆలస్యముగా మొదలుపెట్టిన మదింపు పనిని ఆపగలదు లేదా అలంకారముగా మిగలగలదు. ముందుగా మొదలుపెట్టినది మాత్రమే మార్గమును మార్చగలదు. మేలు చేసే ప్రాజెక్టు కూడా అద్దెలు పెంచి పేదలను ఆ పేట నుండి వెళ్ళగొట్టే అవకాశమున్నది గనుక, ప్రారంభోత్సవము తరువాత కూడా లెక్క కొనసాగాలని పరిశోధకుల సూచన.

2025 నాటి మార్పులు

2023లో అధ్యక్షుడు జో బైడెన్ ఉత్తర్వు 14096 ద్వారా పర్యావరణ న్యాయ విధానమును విస్తరించాడు. 2025 జనవరిలో అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ ఆ ఉత్తర్వును, 1994 నాటి ఉత్తర్వు 12898ని రద్దు చేశాడు. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 నుండి ప్రజలకు అందుబాటులో ఉంచిన ఈజేస్క్రీన్ అనే పటముల సాధనము 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ వెబ్‌సైటు నుండి తొలగించబడినది. ఫలితములోని అసమానత ఆధారముగా చర్యలు తీసికొనుటను తగ్గించాలని 2025 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వు వచ్చినది. యూటా రాష్ట్రములోని ఒక రైలు మార్గము కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు, పర్యావరణ నివేదికల విషయములో న్యాయస్థానములు ప్రభుత్వ సంస్థల నిర్ణయమునకు ఎక్కువ మన్నన ఇవ్వాలని చెప్పినది.

ఉత్తర్వులు రద్దయినా 1964 నాటి పౌరహక్కుల చట్టము, జాతీయ పర్యావరణ విధాన చట్టము కాంగ్రెసు చేసిన చట్టములు గనుక నిలిచియున్నవి. కొన్ని రాష్ట్రములకు సొంత ఏర్పాట్లు ఉన్నవి. కాలిఫోర్నియా 2013లో కాల్ ఎన్విరోస్క్రీన్ అనే సాధనమును రూపొందించినది. న్యూజెర్సీ 2020లో పర్యావరణ న్యాయ చట్టము చేసినది.

భారతదేశములో

భారతదేశములో ఈ పేరుతో ప్రత్యేక మదింపు లేదు. దీనికి దగ్గరగా ఉన్నవి రెండు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన కొత్త జాతీయ రహదారుల వంటి ప్రాజెక్టులకు ముందస్తు అనుమతిని నిర్దేశించినది. 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టము భూసేకరణకు ముందు సామాజిక ప్రభావ మదింపు జరగాలని, షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణ చివరి మార్గముగా మాత్రమే ఉండాలని చెప్పినది.

అయితే జాతీయ రహదారుల చట్టము, రైల్వేల చట్టము, మెట్రో రైల్వేల నిర్మాణ చట్టము క్రింద జరిగే భూసేకరణ ఆ చట్టపు నాలుగవ షెడ్యూలులో ఉన్నది. 2015లో పరిహారము, పునరావాసము అంశములు వీటికి కూడా వర్తింపజేయబడినవి గాని సామాజిక ప్రభావ మదింపు వర్తింపజేయబడలేదు. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2018లోను అమలులోనికి తెచ్చిన సవరణలు మౌలిక వసతుల ప్రాజెక్టులు మొదలైన వాటికి ఈ మదింపు నుండి మినహాయింపు ఇచ్చే అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినవి. అందువలన భూమి కోల్పోయిన వారికి ఎంత ఇవ్వాలి అన్న లెక్క ఇక్కడ ఉన్నది. రహదారి ఈ ఊరి మీదుగానే ఎందుకు పోవాలి, దాని మీద ప్రయాణించేది ఎవరు, దాని ప్రక్కన బ్రతికేది ఎవరు అన్న లెక్క చాలా ప్రాజెక్టులలో చట్టము ప్రకారము తప్పనిసరి కాదు.